కొండనాలుకకి మందేసిన రాత్రి

మా ఫ్యామిలీ గ్రూప్‌లో ఒక వీడియో ఉంది. నిడివి 52 సెకన్లు. పోయినేడు సంక్రాంతికి అందరం ఊళ్ళో పెద్దమ్మ వాళ్ళింట్లో కలిశాం. రాత్రి హాల్లో వరసగా పరుపులేసుకుని పడుకున్నప్పుడు మా తమ్ముడు తీశాడు. అందులో మా అన్నయ్య, అంటే పెద్దమ్మ కొడుకు, వెల్లకిలా పడుకుని గురక పెడుతుంటాడు. మామూలు గురక కాదు లెండి, లోడు ట్రాక్టర్ ఎత్తు ఎక్కుతున్నట్టు ఉంటుంది. కింద బోలెడు నవ్వు ఎమోజీలు. "కుంభకర్ణా, లేవరా" అని బాబాయ్ మెసేజ్. నేనూ నవ్వాను. ఇద్దరు ఫ్రెండ్స్‌కి ఫార్వర్డ్ కూడా చేశాను.

వదిన మాత్రం నవ్వలేదు. "19వ సెకను నుంచి మళ్ళీ చూడండి" అని పెట్టింది. చూశాం. 19 నుంచి 36 దాకా ఏ శబ్దమూ లేదు. ఛాతీ ఎగురుతోంది, పొట్ట కదులుతోంది, గాలి మాత్రం లోపలికి పోవట్లేదు. 37వ సెకనులో నీళ్ళలోంచి పైకి తేలినవాడిలా ఒక్కసారిగా పీల్చి, అటు తిరిగి పడుకున్నాడు. వాడికి తెలివి రాలేదు. పొద్దున అడిగితే "సుబ్బరంగా నిద్రపట్టింది" అన్నాడు.

అక్కణ్ణించి కథ స్లీప్ స్టడీ దాకా వెళ్ళింది. ఒంటినిండా వైర్లు అతికించి ఒక రాత్రి పడుకోబెట్టారు. రిపోర్టులో 46 అని వచ్చింది. అంటే గంటకి 46 సార్లు శ్వాస ఆగిపోవడమో, బాగా తగ్గిపోవడమో జరుగుతోందన్నమాట. ఒక్కొక్కటీ కనీసం 10 సెకన్లు ఉంటేనే లెక్కలోకి తీసుకుంటారు. 5 లోపు ఉంటే ఫర్వాలేదు, 30 దాటితే తీవ్రం. స్లీప్ ఆప్నియా అంటే ఇదే. 2022 ఫిబ్రవరిలో బప్పీలహరి పోయినప్పుడు ఈ పేరు వార్తల్లో వినే ఉంటారు. మన 'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' సినిమాలకి పాటలిచ్చిన ఆయనే. ఆయన మరణానికి ఆసుపత్రి వాళ్ళు చెప్పిన కారణం ఇదే.

దీనికి ముందుగా ఇచ్చేది మాస్క్. సీప్యాప్ అనే చిన్న మిషన్ ముక్కులోకి ఒత్తిడితో గాలి పంపి, గొంతు దారి మూసుకుపోకుండా తెరిచి ఉంచుతుంది. అన్నయ్య దాన్ని నాలుగు నెలలు వాడాడు. వాడాడు అనేకంటే దాంతో నాలుగు నెలలు కుస్తీ పట్టాడు అనాలి. అర్ధరాత్రి తనకి తెలీకుండానే పీకి అవతల పడేసేవాడు. టాన్సిల్స్ చూస్తే నిమ్మకాయలంత ఉన్నాయి. చివరికి మత్తిచ్చి నిద్రపుచ్చి, సన్నని కెమెరా వేసి గొంతు ఎక్కడ మూసుకుంటోందో చూశారు. ఆపరేషన్ చేద్దామన్నారు. టాన్సిల్స్ తీసేసి, అంగిలి వెనక మెత్తటి భాగాన్నీ కొండనాలుకనీ సరిచేసి కుట్టడం. దాని పూర్తి పేరు పలకబోతే ఆరోగ్యవంతుడికి కూడా ఊపిరి ఆగుతుంది కాబట్టి అందరూ యూపీపీపీ అంటారు. 1981లో అమెరికాలో ఫుజిటా, ఆయన తోటి డాక్టర్లు దీని గురించి రాశారు. ఆస్ట్రేలియాలో సల్లివన్ మాస్క్ గురించి రాసిందీ ఆ ఏడాదే.

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట, ఎందుకురా ఇవన్నీ" అంది పెద్దమ్మ. సామెత ఇంత కరెక్టుగా అతికిన సందర్భం నా జీవితంలో ఇంకోటి లేదు.

ఆపరేషన్ సంగతి సర్జన్ చూసుకున్నారు. గంటన్నరలో అయిపోయింది. నేను రాస్తున్నది ఆ తర్వాతి రాత్రుల గురించి. ముఖ్యంగా మొదటి రాత్రి, నేను చేసిన వెధవ పని గురించి.

గొడవ రూమ్ దగ్గరే మొదలైంది. మేం వరండా చివర రూమ్ అడిగాం. అటు జనం తిరగరు, ప్రశాంతంగా ఉంటుందని. సిస్టర్ కుదరదంది. తన కౌంటర్‌కి ఎదురుగా ఉన్న రూమే ఇచ్చింది. అక్కడ రాత్రంతా లైటు, ఫోన్ల మోత, ట్రాలీల చప్పుడు. "డబ్బు కట్టేది మేము, రూమ్ ఎంచుకునేది మీరా?" అని నేను కొంచెం గట్టిగానే అన్నాను. "చివరి రూమ్‌లో ఉంటే నాకు కనపడరు సార్" అంది. అంతకుమించి వాదించలేదు.

మంచాన్ని తలవైపు బాగా ఎత్తి పెట్టింది. వేలికి ఆక్సీమీటర్ ప్రోబ్ తగిలించింది. దాని అంకెలు మంచం పక్కనా, తన కౌంటర్ దగ్గరా రెండుచోట్లా కనిపిస్తాయి. 90 కంటే తగ్గితే కీచుమంటుంది. వేలు కదిలినా కీచుమంటుంది, అదే వచ్చిన బాధ. గంటగంటకీ వచ్చి అన్నయ్య ఛాతీ మీద చూపు పెట్టి, గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం నిలబడేది. ఆ తర్వాత పేరు పెట్టి పిలిచి, కళ్ళు తెరిపించి, ఏదో ఒక ప్రశ్న అడిగేది. "ఇప్పుడే కళ్ళు మూశాడమ్మా, లేపకు తల్లీ" అని పెద్దమ్మ ఇంటికెళ్ళే ముందు రెండుసార్లు బతిమాలింది. నిద్రపోయేవాణ్ణి లేపితే పాపం అని పెరిగినవాళ్ళం కదా మనమంతా. సిస్టర్ తలూపింది. మళ్ళీ గంటకి వచ్చి లేపింది.

పదకొండున్నరకి నొప్పి మొదలైంది. మాట్లాడలేడు కాబట్టి అన్నయ్య ఫోన్‌లో టైప్ చేసి చూపిస్తున్నాడు. "నొప్పి. ఇందాకటి ఇంజెక్షన్ ఇమ్మను." పరుగెత్తాను. సిస్టర్ వచ్చింది. "సార్, ఇంకేమన్నా కావాలా?" అని ఫోన్ చేతికిచ్చింది. అన్నయ్య 'నీళ్' దాకా టైప్ చేశాడు. అక్కడ బొటనవేలు ఆగిపోయింది, కళ్ళు మూతపడ్డాయి. ఆమె స్క్రీన్ వంక చూసింది, అతని మొహం వంక చూసింది. "ఇప్పుడు ఆ ఇంజెక్షన్ ఇవ్వలేను. పారాసెటమాల్ డ్రిప్ టైమైంది, అది పెడతా. డాక్టర్‌తో మాట్లాడతా" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. మనిషి నొప్పితో ఏడుస్తుంటే జ్వరం మందు పెడుతుందేంటి ఈమె? కంప్లయింట్ ఇస్తా, పేరు చెప్పండి అన్నాను. చెప్పింది. ఫోన్‌లో రాసుకున్నాను కూడా.

డ్రిప్ పనిచేసింది. చల్లటి నీళ్ళు గుక్కగుక్కగా తాగించింది. ఒంటిగంట దాటాక అన్నయ్య పడుకున్నాడు. కానీ ఆ ప్రోబ్! వేలు కదిలించినప్పుడల్లా కీచు. అతను ఉలిక్కిపడటం, నేను ఉలిక్కిపడటం. మెల్లగా మంచం మీంచి కిందికి జారి, తల పక్కకి వాలి, వెల్లకిలా అయ్యాడు. హాయిగా పడుకున్నాడులే అనుకున్నాను. రెండింటికి ఇంకోసారి కీచుమనగానే, కాసేపైనా పడుకోనిద్దామని ఆ ప్రోబ్ వేలినుంచి తీసేసి, పక్కన పెట్టి, మోగుతున్న మిషన్ మీద సైలెంట్ బటన్ నొక్కాను.

నిశ్శబ్దం. గురక కూడా లేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి అన్నయ్య పక్కన గురక లేని రాత్రి. వదినకి మెసేజ్ పెట్టాను: "గురక లేదు!! ఆపరేషన్ సక్సెస్" అని, పక్కన రెండు పార్టీ ఎమోజీలు. టైమ్ 2:04.

సిస్టర్ పరుగున వచ్చింది. కౌంటర్ దగ్గర అంకెలు పోయి గీతలు కనపడ్డాయట. లైటేసి, అతని గడ్డం కింద రెండు చేతులూ పెట్టి దవడని పైకి ఎత్తింది. "సార్! కళ్ళు తెరవండి! గాలి పీల్చండి!" ఛాతీ ఎముక మీద పిడికిలితో గట్టిగా రుద్దింది. అప్పుడొచ్చింది శబ్దం, వీడియోలో 37వ సెకనులో వచ్చిందే. ప్రోబ్ పెట్టేసరికి 81. మెల్లగా ఎక్కి 88, 93. డ్యూటీ డాక్టర్ వచ్చారు. అరగంటలో అన్నయ్యని ఐసీయూ పక్కన, రోగుల్ని కనిపెట్టి ఉండే గదికి మార్చారు. మార్చేముందు శ్వాస లెక్కపెడితే నిమిషానికి 8. మామూలుగా 12 నుంచి 20 ఉండాలి.

ఆమె నన్ను తిట్టలేదు. "ప్రోబ్ తీసేస్తే నాకు తెలీదు సార్" అని మాత్రం అంది.

ఏం జరిగిందో తర్వాత డ్యూటీ డాక్టర్ విడమరిచి చెప్పారు. స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్ళు రోజూ రాత్రి అన్నిసార్లు ఊపిరి ఆగినా ఎలా బతుకుతున్నారు? మెదడు లేపుతుంది కాబట్టి. ఆక్సిజన్ తగ్గి, కార్బన్ డయాక్సైడ్ పెరగ్గానే మెదడు ఒక్క కుదుపు కుదుపుతుంది. మనిషికి మెలకువ వచ్చినట్టు కూడా తెలీదు, కానీ గొంతు కండరాలు బిగుసుకుని దారి తెరుచుకుంటుంది. రాత్రికి వందలసార్లు ఈ కాపలా నడుస్తుంది. పగలంతా తూలిపోయేదీ, కారు నడుపుతూ కునుకు తీసేదీ ఈ కుదుపుల వల్లే.

ఇప్పుడు ఆపరేషన్ చేశారు. దారి వెడల్పు చేశారు నిజమే, కానీ కోసిన చోట వాపు వస్తుంది. అంటే మొదటి రెండు మూడు రోజులు దారి ముందుకంటే ఇరుగ్గానే ఉండొచ్చు. పైగా మత్తుమందు ప్రభావం ఇంకా పూర్తిగా పోలేదు. పైగా నొప్పికి ఇచ్చే మార్ఫిన్ జాతి ఇంజెక్షన్లు. ఇవి నొప్పిని తగ్గిస్తూ ఆ కుదిపే కాపలావాణ్ణి కూడా నిద్రపుచ్చుతాయి. ఊపిరి ఆగుతుంది, లేపేవాడు లేడు. ఆ రాత్రికి ఆ ఉద్యోగం సిస్టర్‌ది. ఆమె గంటకోసారి లేపింది అందుకు. నేను ఆ కాపలా తీగ పీకి, సక్సెస్ అని మెసేజ్ పెట్టాను.

టైప్ చేస్తూ మధ్యలో కునుకు తీయడం ఉంది చూశారా, అదే ఆమె వెతుకుతున్న గుర్తు. ఈ మందులు ఎక్కువైతే శ్వాస మందగించడానికి ముందు మత్తు పెరుగుతుంది. పిలిస్తే లేచి, మాటకి మాట చెప్పి మళ్ళీ పడుకుంటే అది నిద్ర. మాట మధ్యలో జారిపోతే అది మత్తు. అప్పుడు ఇంకో డోసు ఇవ్వకూడదు, డాక్టర్‌కి చెప్పాలి, మనిషిని వదలకూడదు. నర్సులకి దీనికో స్కేలే ఉంది, అంకెలేసి రాసుకుంటారు. అలాగని నొప్పిని ఓర్చుకోమనడం కాదు. నొప్పి ఉంటే నీళ్ళు మింగరు, నీళ్ళు తాగకపోతే గొంతు ఎండి నొప్పి ఇంకా పెరుగుతుంది. అందుకే పారాసెటమాల్‌ని నొప్పి వచ్చాక కాకుండా గడియారం ప్రకారం ఇస్తారు, బలమైన మందుని వీలైనంత తక్కువకి తెస్తారు. నేను జ్వరం మందని వెక్కిరించింది దీన్నే.

ఇంకో సంగతి నాకు అస్సలు తెలీదు. ముక్కుకి ఆక్సిజన్ పెడితే భయంలేదనుకుంటాం కదా. ఆక్సిజన్ పెట్టిన మనిషికి శ్వాస బాగా తగ్గిపోయినా ఆక్సీమీటర్‌లో 97, 98 చూపిస్తూనే ఉండొచ్చట. లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంటుంది, వేలికున్న యంత్రానికి అది తెలీదు. అందుకే సిస్టర్ అంకె చూసి వెళ్ళిపోకుండా ఛాతీ వంక నిమిషంపాటు చూసేది. కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ మన ఇళ్ళల్లో చాలామంది దగ్గర ఉంది. మంచిదే. కానీ అది శ్వాస లెక్కపెట్టదు.

పిల్లల సంగతి ఇంకా జాగ్రత్త. స్లీప్ ఆప్నియాకి పిల్లల్లో ఎక్కువగా చేసేది టాన్సిల్స్, ఎడినాయిడ్స్ తీసెయ్యడమే. ఈ ఆపరేషన్ తర్వాత నొప్పికి కోడీన్ ఇచ్చిన కొందరు పిల్లలు చనిపోయారని తేలాక, 2013లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఆ వాడకం మీద గట్టి హెచ్చరిక వేసింది. కొందరి శరీరం కోడీన్‌ని చాలా వేగంగా మార్ఫిన్‌గా మార్చేస్తుంది. మామూలు డోసే వాళ్ళకి ఎక్కువైపోతుంది. 2017లో ఇంకా బిగించి, 12 ఏళ్ళలోపు వాళ్ళకి కోడీన్ వద్దని, 18 లోపు వాళ్ళకి టాన్సిల్స్ ఆపరేషన్ తర్వాత ట్రమడాల్ కూడా వద్దని అన్నారు. ఇంట్లో మిగిలిపోయిన దగ్గుమందు సీసాలో కోడీన్ ఉండొచ్చు. ఆపరేషన్ అయిన పిల్లాడికి దగ్గొస్తోందని అది పట్టకండి.

ఆ రాత్రి ఆ సిస్టర్ చేతికింద ఎంతమంది ఉన్నారో తెలుసా? పదకొండు మంది. తెల్లారి నేనే అడిగాను. మామూలు ఆసుపత్రుల్లో ఐదుగురు రోగులకి ఒక నర్సు, టీచింగ్ ఆసుపత్రుల్లో ముగ్గురికి ఒకరు ఉండాలని భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. సుప్రీంకోర్టు 2016లో చెప్పాక కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు ప్రైవేట్ ఆసుపత్రుల్లో కూడా నర్సు జీతం నెలకి 20 వేలకి తగ్గకూడదంది. మీకు తెలిసిన సిస్టర్ ఎవరైనా ఉంటే ఎంతిస్తున్నారో అడిగి చూడండి. మనం రూమ్‌లో ఏసీ, టీవీ ఉన్నాయా అని అడుగుతాం. రాత్రిపూట ఒక సిస్టర్‌కి ఎంతమంది అని అడిగినవాళ్ళని నేను చూడలేదు. నేనూ అడగలేదు.

రెండో రోజు మధ్యాహ్నం మళ్ళీ వార్డుకి తెచ్చారు. నిద్రలో, ఆక్సిజన్ లేకుండా, ఎవరూ లేపకుండా అంకె సరిగ్గా నిలబడిందని చూసుకున్నాకే మూడో రోజు డిశ్చార్జి రాశారు. నేను బిల్లింగ్ దగ్గర క్యూలో ఉన్నాను. ఆ టైమ్‌లో పగటి డ్యూటీ సిస్టర్ వచ్చి వదినకి పది నిమిషాలు అన్నీ చెప్పిందట. వదిన తెలివైంది, అడిగి ఫోన్‌లో రికార్డ్ చేసుకుంది. ఆ రికార్డింగే మాకు రెండు వారాలు దారి చూపించింది.

అందులో మొదటి మాట, ఇంటికెళ్ళాక మొదటి రాత్రిని తేలిగ్గా తీసుకోవద్దని. ఆపరేషన్ అయిన తొలి రాత్రి కలలొచ్చే నిద్ర సరిగ్గా పట్టదు. ఆ బాకీని శరీరం తర్వాతి రాత్రుల్లో వడ్డీతో వసూలు చేస్తుంది. కలల నిద్రలో గొంతు కండరాలు బాగా వదులైపోతాయి. అందుకని మూడో రాత్రి ఊపిరి ఆగడాలు తొలి రాత్రికంటే ఎక్కువ కావచ్చు. మన లెక్కలో మూడో రాత్రి అంటే గండం గడిచినట్టు. ఇంటికొచ్చాం, అందరం అలిసిపోయాం, అందరం ఒళ్ళు మరిచి పడుకునే రాత్రి అది. వదిన ఫోన్‌లో రెండు గంటలకోసారి అలారం పెట్టుకుంది. వంతులేసుకున్నాం. వీపు వెనక రెండు దిళ్ళు, నడుము దగ్గర ఇంకోటి, పక్కకి తిరిగి పడుకునేలా. నిమిషం లెక్క. పేరు పెట్టి పిలుపు. "ఆసుపత్రిలో ఆవిడ పడుకోనివ్వలేదు, ఇంట్లో మీరా" అని ఫోన్‌లో టైప్ చేసి కోపంగా చూపించాడు. పూర్తి వాక్యం టైప్ చేశాడు కదా, వదిన చదువుకుని తృప్తిగా వెళ్ళి పడుకుంది.

సర్జన్ సరేనన్నాక సీప్యాప్ మాస్క్ కూడా మళ్ళీ పెట్టాం. ఆపరేషన్ అయ్యాక ఇక ఆ మిషన్ ఎవరికైనా అమ్మేద్దామని అన్నయ్య ప్లాన్. వాపు తగ్గేదాకా అది కావాలని, ఆ తర్వాత కూడా కావాలో వద్దో స్టడీ చూసే చెప్పాలని సిస్టర్ రికార్డింగ్‌లో రెండుసార్లు చెప్పింది. ముక్కు ఆపరేషన్ కూడా కలిపి చేసి లోపల ప్యాకింగ్ పెడితే ముక్కు మాస్క్ పనిచేయదు. అలాంటప్పుడు ఏం చెయ్యాలో ముందే అడిగి పెట్టుకోవాలి.

తిండి దగ్గర అసలైన కష్టం. అది మే నెల. పెద్దమ్మ ఆపరేషన్‌కి వచ్చేటప్పుడే కొత్తావకాయ జాడీ తెచ్చింది. ఇల్లంతా ఆవపిండి వాసన. అన్నయ్యకి మాత్రం చల్లారిన రాగిజావ, మెత్తగా పిసికిన పెరుగన్నం, పాలల్లో నానబెట్టిన ఇడ్లీ. వేడి కాఫీ వద్దు, కారం వద్దు, పులుపు వద్దు, కరకరలాడేవి వద్దు. మూడోరోజు మంచినీళ్ళు తాగితే కాస్త ముక్కులోంచి బయటికొచ్చింది. అందరం హడలిపోయాం. రికార్డింగ్ పెట్టి విన్నాం: అంగిలి బిగుతుగా ఉన్నప్పుడు కొన్నాళ్ళు అలా జరుగుతుంది, నిటారుగా కూర్చుని చిన్న గుక్కలు తాగాలి. చెవినొప్పి వస్తే చెవి డాక్టర్ దగ్గరికి పరిగెత్తక్కర్లేదు, గొంతు నొప్పే నరం దారిలో చెవిలో తెలుస్తుంది. గొంతులో తెల్లగా, పసుప్పచ్చగా పొర కడితే చీము కాదు, మానుతున్న పుండు మీది పొర. నోటి వాసన కూడా దాందే. దాన్ని వేలితో గోకవద్దు. నిద్రమాత్రలు, మందు, మత్తొచ్చే జలుబు మాత్రలు బంద్. ఆస్పిరిన్, రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్ళు ఎప్పుడు ఆపాలో ఎప్పుడు మొదలెట్టాలో సొంతంగా నిర్ణయించుకోకూడదు.

రికార్డింగ్ చివర్లో, సిస్టర్ దాదాపు వెళ్ళిపోతూ చెప్పిన ఒక్క మాట ఉంది. "అయిదో రోజు నుంచి పదో రోజు దాకా, పడుకున్నప్పుడు ఊరికే గుటకలు మింగుతుంటే లేపి టార్చ్ వేసి చూడండి మేడం."

ఏడో రాత్రి వదిన వంతు. మూడున్నరకి అన్నయ్య నిద్రలో గుటక మింగాడు. మళ్ళీ మింగాడు. మళ్ళీ. నిద్రపోయే మనిషి అన్నిసార్లు మింగడని ఆమెకి తట్టింది. లేపి ఉమ్మమంటే ఎర్రగా పడింది. గొంతులో ఆ పొర ఊడేటప్పుడు కింద రక్తనాళం తెరుచుకుంటుంది. మనిషి నిద్రలోనే రక్తం మింగేస్తుంటాడు, బయటికి చుక్క కనపడదు. కూర్చోబెట్టి, తల ముందుకి వంచి, ఉమ్మనిస్తూ, నోట్లో ఐసుముక్క పెట్టి తీసుకెళ్ళాం. దారిలో "కొంచెమే కదా, పొద్దున వెళ్దాం" అన్నాడు ఆయన. ఎవరూ వినలేదు. క్యాజువాలిటీలో చూసి ఒకరోజు ఉంచుకున్నారు. మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్ళే పని పడలేదు.

నాలుగు నెలలకి మళ్ళీ స్లీప్ స్టడీ చేయించారు. గురక తగ్గింది కదా ఎందుకు అన్నాడు. గురక తగ్గి, ఊపిరి ఆగడాలు అలాగే ఉండే రోగులు ఉంటారని డాక్టర్ అన్నారు. ఈసారి 14. సున్నా కాలేదు. ఈ ఆపరేషన్ అందరికీ ఒకేలా పనిచేయదు. 46 సగానికి తగ్గి, 20 లోపుకి వస్తే సర్జన్ల లెక్కలో పాసైనట్టే. బరువు ఇంకో ఏడు కిలోలు తగ్గమన్నారు, వెల్లకిలా పడుకోవద్దన్నారు. మిషన్ అమ్మలేదు, అలమరలో ఉంది. జలుబు చేసిన రోజుల్లో తీస్తున్నాడు.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ అనుకుంటుంటే, చేరేముందు సర్జన్‌ని రెండు మూడు అడిగి పెట్టుకోండి. మొదటి రాత్రి ఎక్కడ ఉంచుతారు, కంటిన్యువస్ మానిటర్ ఉంటుందా, నొప్పికి ఏమిస్తారు, రాత్రి సిస్టర్‌కి ఎంతమంది. ఇంట్లో మాస్క్ వాడుతుంటే అదే మాస్క్, అదే మిషన్ సంచిలో పెట్టుకుని వెళ్ళండి. మత్తు డాక్టర్‌కి, రాత్రి డ్యూటీ సిస్టర్‌కి కూడా స్లీప్ ఆప్నియా అని మీ నోటితో చెప్పండి, ఫైల్లో ఉందిలే అనుకోకండి. మోకాలికో, హెర్నియాకో వేరే ఆపరేషన్ అయినా సరే ఇది చెప్పాల్సిందే. ఆ మందులే, ఆ మత్తే కదా.

ఇక ఆ సిస్టర్. పొద్దున ఎనిమిదికి డ్యూటీ దిగి వెళ్ళిపోయింది. నేను ఐసీయూ బయట కుర్చీలో నిద్రపోతున్నాను. తర్వాత రెండు రాత్రులూ వేరేవాళ్ళొచ్చారు, ఆమె వీక్లీ ఆఫ్‌లో ఉందన్నారు. కంప్లయింట్ ఇద్దామని రాసుకున్న పేరు నా ఫోన్ నోట్స్‌లో ఉంది. ఏడో రాత్రి అన్నయ్యని తీసుకుని మళ్ళీ వెళ్ళినప్పుడు నాలుగో అంతస్తుకి పరుగెత్తుకెళ్ళి అడిగాను. ఆవిడ ఆ రాత్రి పిల్లల వార్డులో ఉంది. నన్ను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. "ఓ, ప్రోబ్ సార్! మీ అన్నయ్య ఎలా ఉన్నారు?" అంది. చెప్పాను. సారీ కూడా చెప్పాను. "గుటకలు చూసింది మేడమా? మంచి పని చేశారు" అంటూనే, వెనక ఎక్కడో మానిటర్ కీచుమంటే అటు వెళ్ళిపోయింది.

2:04 నాటి మెసేజ్ వదిన ఫోన్‌లో ఇంకా ఉంది. డిలీట్ చెయ్యమంటే చెయ్యనంటోంది.